కొరియావాళ్లకు పొట్ట రాదు, మనకే ఎందుకొస్తుంది?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒళ్లు గురించే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవాటిలో ఒకదానికొకటి సంబంధం ఉన్నవి ఐదు ఏరి జవాబు రాస్తున్నాను. మిగతావి వచ్చే నెల.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నెల్లూరు వేదాయపాళెం. శ్రీసిటీలో ఒక కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో చేస్తున్నా, వయసు 32. మా దగ్గర కొరియా ఇంజినీర్లు ఉన్నారు, పక్క ప్లాంటులో జపాన్ వాళ్లు. వాళ్లూ అన్నమే తింటారు, పంది మాంసం కాల్చుకుని తింటారు, శనివారం వస్తే మందు కొడతారు. అయినా ఒక్కడికీ పొట్ట లేదు. నేను మందు ముట్టను, రాత్రి రెండు చపాతీలే, అయినా 82 కిలోలు. చొక్కా గుండీలు ఆగడం లేదు. ఇది వాళ్ల జీన్స్‌లోనే, అదే జన్యువుల్లోనే ఉందా? అట్టయితే మనం ఎంత నోరు కట్టుకున్నా ఇంతేనా?

జవాబు: జీన్స్ పాత్ర ఉంది తమ్ముడూ, కాకపోతే మీరు వెతుకుతున్న చోట లేదు.

ముందు, మీరు చూస్తున్నది కొరియాని కాదు, కొరియా నుంచి కంపెనీ ఏరి పంపిన పది పదిహేను మందిని. ఆ దేశంలో బీఎంఐ 25 దాటితే ఊబకాయం కిందే లెక్క (కిలోల బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ), ఆ గీత పెట్టి చూస్తే కొరియా మగవాళ్లలో దాదాపు సగం మంది గీత దాటినవాళ్లే. జపాన్‌లో మగవాళ్లు మూడింట ఒక వంతు. చైనాలో పెద్దవాళ్లలో సగానికి మించి అధిక బరువో ఊబకాయమో ఉందని 2020లో వాళ్ల ప్రభుత్వ నివేదికే చెప్పింది. అంటే పొట్ట వాళ్లకీ వస్తోంది, శ్రీసిటీ దాకా రాలేదంతే.

ఇక జీన్స్. మామూలు జనంలో ఒంటి బరువుతో సంబంధం ఉందని గట్టిగా రుజువైన మొదటి జీన్ ఎఫ్‌టీవో, 2007లో యూరప్ వాళ్లలో బయటపడింది. దాదాపు ప్రతి జీన్ మనలో రెండు కాపీలు ఉంటుంది కదా, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఈ ఎఫ్‌టీవోలో బరువు పెంచే రకం ఒక కాపీ ఉంటే సగటున ఒకటి, ఒకటిన్నర కిలోలు, రెండూ అదే రకమైతే మూడు కిలోల దాకా ఎక్కువ. ఇది ఒంట్లో కొవ్వు తయారుచేసే మిషనేమీ కాదు, ఎక్కువగా ఆకలి మీదే పనిచేస్తుందని ఇప్పటిదాకా తేలింది. కడుపు నిండిందన్న కబురు మెదడుకి ఆలస్యంగా చేరుతుంది, ఈలోపు ఇంకో గరిటె పడిపోతుంది.

యూరప్ వాళ్లలో వంద కాపీలు తీస్తే నలభైకి పైగా ఈ రకమే. మన దక్షిణాసియా వాళ్లలో ముప్పై దాకా. చైనా, జపాన్, కొరియాల్లో పదిహేను, ఇరవై మధ్య. చూశారా, నేను అనుకున్నదే అనకండి, లెక్క పూర్తిగా వేయండి. మనిషికి రెండు కాపీలు కాబట్టి మనకీ వాళ్లకీ సగటున తేడా కాపీలో మూడో వంతు కూడా రాదు, దాన్ని ఒకటిన్నర కిలోతో గుణిస్తే అరకిలో. మీ పొట్టలో ఉన్నది అరకిలోనా?

ఎఫ్‌టీవో ఒక్కటే కాదు, ఇంకా వందలున్నాయి. జపాన్ వాళ్లు 2017లో 1,73,430 మందిని పరీక్షించి, యూరప్ వాళ్ల లెక్కలు కూడా కలిపి చూసి డీఎన్ఏలో బరువుకి సంబంధించిన చోట్లు 193 పట్టుకున్నారు, అందులో 112 అంతకుముందు ఎవరూ చూడనివి. చూడలేదు అంటే జపాన్ వాళ్లకే ఉన్న జీన్స్ అని కాదు. ఒక రకం ఒక జాతిలో అరుదుగా ఉంటే ఆ జాతిలో వెతికేవాళ్లకి దొరకదు, ఎక్కువగా ఉన్నచోట దొరుకుతుంది. మన ఒంగోలు గిత్త సంగతి తెలుసుగా, బ్రెజిల్ వెళ్లి అక్కడ 'నెలోర్' అయింది. అక్కడ మాంసం కోసం ఏరి ఏరి పెంచారు, ఇక్కడ దుక్కికీ బండలాగుడికీ పెంచుకున్నాం. రెండిట్లో ఉన్నవి చాలావరకు అవే జీన్స్, ఏ రకం ఎంత పాలు అన్నదే మారింది. మనుషుల్లోనూ అంతే, కాకపోతే మనల్ని ఎవరూ ఏరలేదు.

సరదాగా ఇంకోటి. మీ ఇంజినీర్లలో ఒక్క బీరుకే మొహం ఎర్రగా కందగడ్డలా అయ్యేవాళ్లు ఉంటారు, గమనించండి. అది ఏఎల్‌డీహెచ్2 అనే జీన్‌లో ఒక మార్పు, తూర్పు ఆసియాలో మూడో వంతు మందికి పైగా ఉంటుంది, మనలో దాదాపు ఉండదు. ఆ మార్పు ఉన్నవాళ్లు ఎక్కువ తాగలేరు, చాలామంది అసలు తాగరు. తూర్పు ఆసియా వాళ్ల బరువు మీద చేసిన పరిశోధనల్లో ఈ జీన్ కూడా బయటపడింది. కొవ్వుతో దానికి నేరుగా సంబంధం లేకపోయినా గ్లాసు ద్వారా నడుముకి దారి ఉందన్నమాట.

వలస వెళ్లినవాళ్లని చూస్తే ఇంకా తేలిపోతుంది. 1960ల్లో మొదలుపెట్టి జపాన్‌లో ఉన్న జపాన్ వాళ్లనీ, హవాయిలో స్థిరపడినవాళ్లనీ, శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లినవాళ్లనీ పోల్చి చూశారు. అవే వంశాలు, అవే జీన్స్. సొంత ఊళ్లో ఉన్నవాళ్లు సన్నగా ఉన్నారు, సముద్రం దాటినవాళ్లు బరువెక్కారు, తిండిలో కొవ్వు పెరిగింది, గుండె జబ్బూ పెరిగింది.

మరి అసలు తేడా ఎక్కడంటే, బరువు ఎంత పెరుగుతాం అన్నదాని కంటే ఎంత బరువుకి జబ్బు పడతాం అన్నదాంట్లో. తూర్పు ఆసియా వాళ్లకీ మనకీ తెల్లవాళ్ల కంటే తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. తూర్పు ఆసియా వాళ్ల పాంక్రియాస్ (క్లోమగ్రంథి) ఇన్సులిన్ వదిలే శక్తి మొదటి నుంచీ కొంచెం తక్కువ. మనకైతే కొవ్వు చేతుల్లో తొడల్లో చేరకుండా తిన్నగా పొట్టలోకి, లివర్ మీదకి వెళుతుంది. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, పుణె డాక్టర్లు కలిసి 2009లో చేసిన పరిశోధనలో అదే ఎఫ్‌టీవో రకం మనవాళ్లలో షుగర్‌తో గట్టిగా ముడిపడి ఉందనీ, అదంతా బరువు వల్లే కాదనీ తేలింది. కాబట్టి పక్క ప్లాంటు జపాన్ ఆయన్ని చూసి ఈర్ష్య పడొద్దు, ఆయన ఊళ్లో 40 దాటినవాళ్లకి ఏటేటా హెల్త్ చెకప్‌లో నడుము టేపు పెట్టి కొలుస్తారు. 2008 నుంచి అది రూలు. మగవాళ్లకి 85 సెంటీమీటర్లు దాటి, బీపీ, షుగర్ లాంటివి కూడా ఎక్కువుంటే పిలిచి కూర్చోబెట్టి చెబుతారు.

ఇక మీ రెండు చపాతీల సంగతి. రాత్రి సరే, పగలు? క్యాంటీన్‌లో అన్నం అన్‌లిమిటెడ్, సాంబారుకి ఒకసారి, పెరుగుకి ఒకసారి, మధ్యలో పప్పుకి. బస్సులో పోనూ రానూ కూర్చోవడం. టీ బ్రేకులో బిస్కెట్లు. ఆదివారం నెల్లూరులో దిగగానే నెయ్యి కారం దోసె, సాయంత్రం మలై కాజా. ఇవన్నీ ఉత్తరంలో రాయలేదు, నేనే ఊహిస్తున్నా, తప్పయితే తిట్టండి. 2 లక్షల 18 వేల మంది లెక్కలు కలిపి 2011లో చూస్తే ఒళ్లు కదిలించేవాళ్లలో ఎఫ్‌టీవో ప్రభావం పావు వంతుకి పైగా తగ్గిపోయింది. కాబట్టి 'ఇంతేనా' అన్నదానికి, ఇంతే కాదు అన్నదే నా సమాధానం.

ప్రశ్న: సార్, మాది కావలి. మా బావనే చేసుకున్నాను, మేనత్త కొడుకు. నేను 84 కిలోలు, ఆయన 96. బాబుకి పదేళ్లు, ఇప్పుడే 51 కిలోలు ఉన్నాడు. స్కూల్లో పిల్లలు ఏడిపిస్తుంటే వెళ్లనంటాడు. మా అత్తయ్య 'మా వంశంలో అందరూ ఇట్టాగే, పెద్దయితే సాగిపోతాడులే' అంటారు. మేనరికం వల్ల ఇలా అవుతుందా? ఏమన్నా టెస్టులు చేయించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, వంశం మాటలో మీ అత్తయ్య సగం నిజమే చెప్పారు. డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మందిని పెద్దయ్యాక చూసి 1986లో ఒక పరిశోధన వచ్చింది, వాళ్ల బరువు పెంచినవాళ్ల బరువుతో కాకుండా కన్నవాళ్ల బరువుతో కలిసింది. ఇంకోటి నాకు బాగా ఇష్టమైంది. కెనడాలో క్విబెక్‌లో ఒకే పోలిక కవలల్ని, 12 జతల కుర్రాళ్లని, వంద రోజులు ఒకచోట ఉంచి అందులో 84 రోజులు ఒక్కొక్కడికీ రోజుకి వెయ్యి క్యాలరీలు అదనంగా పెట్టారు. అందరూ తిన్న అదనం ఒకటే. ఒకడు 4 కిలోల చిల్లర పెరిగాడు, ఇంకొకడు 13 దాటాడు. కవలలిద్దరూ మాత్రం దాదాపు ఒకేలా పెరిగారు, కొవ్వు చేరిన చోటు కూడా ఒకేలా. అంటే ఒకే తిండికి ఇద్దరి ఒళ్లు ఒకేలా స్పందించదు, ఆ తేడా చాలావరకు పుట్టుకతోనే వస్తుంది. పక్కింటి పిల్లాడు ఎంత తిన్నా పుల్లలా ఉంటాడు, మా వాడే ఎందుకిలా అని మీరు కుమిలిపోవడం అందుకే అనవసరం, మీ పెంపకంలో లోపమేమీ కాదు. కాకపోతే ఆ కుర్రాళ్లలో అదనంగా పెట్టకుండా ఎవడూ పెరగలేదు, అది కూడా చూడాలి.

మేనరికం గురించి మీ ప్రశ్న మంచిది, మన జిల్లాల్లో అడగాల్సింది. ఊబకాయానికి ఒకే ఒక్క జీన్ కారణమయ్యే జబ్బులు కొన్ని ఉన్నాయి, చాలా అరుదు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ వదిలి 'నిల్వ చాలు' అని మెదడుకి చెబుతాయి. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దాన్ని కనిపెట్టింది. మూడేళ్లకి, 1997లో, కేంబ్రిడ్జ్ డాక్టర్ల దగ్గర ఇద్దరు పిల్లలు తేలారు. పాకిస్తాన్ నుంచి వెళ్లిన కుటుంబం, దగ్గరి సంబంధాలే చేసుకునేవాళ్లు, పిల్లలిద్దరూ వరసకి కజిన్లు. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. ఒంట్లో లెప్టిన్ లేదు. పాడైన కాపీ అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ వస్తేనే ఈ జబ్బు, దగ్గరి సంబంధంలో ఆ అవకాశం పెరుగుతుంది. లెప్టిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక ఆ పాప ఆకలి అదుపులోకి వచ్చింది, బరువు దిగింది.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో కూడా మామూలు ఎలుకల మధ్య 1996లో తనంతట తానుగా ఊబకాయం ఎలుక ఒకటి పుట్టింది, దాని సంతతిని పెంచి ఇప్పటికీ పరిశోధనలు చేస్తున్నారు. కాబట్టి ఒక్క జీన్ ఇంత పని చేయగలదా అని ఎవరైనా అంటే చేయగలదు.

మీ బాబుకి అదే ఉందా అంటే, ఇవి చూడండి. ఏడాదీ రెండేళ్ల వయసులోనే విపరీతంగా లావయ్యాడా? ఎంత పెట్టినా ఆకలని ఏడుస్తూ, దాచింది వెతుక్కుని, రాత్రిళ్లు లేచి తినేవాడా? తోటి పిల్లల కంటే పొట్టిగా ఉన్నాడా? చదువులో, మాటలో, చూపులో బాగా వెనకబడ్డాడా? వీటిలో ఏదున్నా పిల్లల హార్మోన్ డాక్టర్‌కి చూపించండి, నెల్లూరులో లేకపోతే చెన్నై పెద్ద దూరం కాదు. వీటిలో ఏదీ లేదు, క్లాసులో పొడుగ్గానే ఉన్నాడు, రెండో క్లాసు నుంచి లావయ్యాడు అంటే మామూలు ఊబకాయమే. తిండి ఎక్కువై లావైన పిల్లలు సాధారణంగా వయసుకి మించి పొడుగుంటారు, హార్మోన్ తేడా ఉన్నవాళ్లు పొట్టిగా ఉంటారు, ఈ ఒక్క గుర్తుతోనే సగం టెస్టుల అవసరం తప్పుతుంది.

పెద్దయితే సాగిపోతాడన్న మాట మాత్రం అత్తయ్యగారితో నేను ఒప్పుకోను. ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాకా అలాగే ఉంటారు. అలాగని వాడొక్కడికీ కంచంలో కొలిచి పెట్టి, మీరిద్దరూ వాడి ముందే పూరీలు తినొద్దు. ఇంట్లో ముగ్గురికీ ఒకటే వంట. కూల్‌డ్రింకులు, చిప్స్ ఇంట్లోకే తేవద్దు, తెచ్చి దాచడం పిల్లలకి ఆట. వాడి బరువు ఇప్పుడు దించాల్సిన పనికూడా లేదు, ఏడాది పాటు 51 దగ్గరే ఆగితే ఎత్తు పెరిగి తనంతట తానే సరిపోతూ వస్తాడు. ఏడిపించే పిల్లల సంగతి క్లాస్ టీచర్‌తో మాట్లాడండి, అది వాడి బరువు సమస్య కాదు.

ప్రశ్న: సార్, చీమకుర్తి నుంచి. ఉమ్ము పంపితే డీఎన్ఏ చూసి నాకు ఏ డైట్ పడుతుందో చెబుతామని ఫోన్‌లో యాడ్ వస్తోంది. ఎనిమిది వేలంట. గ్రానైట్ పని, తీరిక ఉండదు, ఒకసారి డబ్బు పడేస్తే పోతుందని చూస్తున్నా. చేయించొచ్చా?

జవాబు: చేయించొద్దు. ఆ ఎనిమిది వేలకి మంచి బూట్లు కొనుక్కుని, మిగిలినవాటితో షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయించుకున్నా ఇంకా చేతిలో ఉంటాయి.

2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సరిగ్గా ఇదే ప్రశ్న వేశారు. 609 మందిని రెండు గుంపులు చేసి ఒకరికి కొవ్వు తగ్గించిన తిండి, ఇంకొకరికి పిండిపదార్థం తగ్గించిన తిండి. ఏడాది తర్వాత ఒక గుంపు సగటున 5.3 కిలోలు తగ్గింది, ఇంకోటి 6. నీ జీన్స్‌కి ఈ డైట్ పడుతుంది అని ముందే లెక్కేసుకున్నవాళ్లకి ఆ డైట్ దొరికినా అదనంగా తగ్గిందేమీ లేదు. రెండోది, ఇలాంటి జీన్ పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లు 2019 లెక్కకి నూటికి 79 మంది యూరప్ సంతతి. వాళ్ల మీద తయారుచేసిన స్కోరు, అంటే జీన్స్ చూసి ఎంత బరువు పెరుగుతామో చెప్పే లెక్క, జపాన్ వాళ్ల దగ్గరే తడబడుతుంది, ఇక చీమకుర్తిలో ఏం చెబుతుంది? పాపం జపాన్, చైనా వాళ్లు సొంతంగా లక్షల మందిని పరీక్షించుకుని తమ లెక్క తాము కట్టుకుంటున్నారు, మన లెక్క ఇంకా తయారుకావాలి.

ప్రశ్న: ఒంగోలులో డిగ్రీ చదువుతున్నా. ఎత్తు 160, బరువు 50. కొరియా సీరియల్ హీరోయిన్లలా 45కి రావాలని రోజుకి ఒక చిలగడదుంప, ఒక యాపిల్, ప్రోటీన్ డ్రింకుతో ఉంటున్నా. జుట్టు రాలుతోంది. కొరియన్స్‌కి జీన్స్ వల్ల ఈ డైట్ పడుతుందా?

జవాబు: ఎవరికీ పడదు తల్లీ. మీరిప్పుడున్న బరువే సరైన బరువు, 45కి వస్తే ఉండాల్సినదానికంటే తక్కువ. జపాన్‌లో ఇరవైల్లో ఉన్న ఆడపిల్లల్లో ఐదుగురిలో ఒకరు ఇలాగే తక్కువ బరువుతో ఉన్నారు, అది జీన్స్ కాదు, అద్దం. రేపటి నుంచి అన్నం, పప్పు, గుడ్డు, మీ అమ్మ పెట్టింది తినండి. నెలసరి తప్పినా, తినాలంటే భయం వేస్తున్నా ఇంట్లో చెప్పి డాక్టర్‌ని కలవండి.

ప్రశ్న: నమస్కారం. పొదిలి వాస్తవ్యుడిని, రిటైరైన టీచర్ని. ఎత్తు 165, బరువు 64. గత నెల షుగర్ అన్నారు. నేను లావు కాదే! ప్యాంటు సైజు ఉద్యోగంలో చేరిననాడు 34, నేడూ 34. మా వైపు కరువు కొత్త కాదు, తరతరాలు కరువు చూసిన వంశాల్లో జీన్స్ కొవ్వు దాచుకోవడం నేర్చాయని ఎక్కడో చదివాను. నిజమేనా?

జవాబు: మాస్టారూ, మీరు చదివింది 1962లో జేమ్స్ నీల్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పిన ఊహ. కరువులో బతికి బట్టకట్టినవాళ్లు కొవ్వు పొదుపు చేసుకోగలిగినవాళ్లే, ఇప్పుడు తిండి దొరికేసరికి ఆ పొదుపే శాపమైంది అని. వినడానికి ఎంత బాగుందో, జీన్స్‌లో వెతికితే రుజువు అంత బలంగా దొరకలేదు. దగ్గరగా వచ్చింది ఒకటి. పసిఫిక్‌లో సమోవా దీవుల్లో 2016లో సీఆర్‌ఈబీఆర్‌ఎఫ్ అనే జీన్‌లో ఒక రకం పట్టుకున్నారు, అక్కడ నూటికి 26 కాపీలు అదే, పసిఫిక్ దీవుల బయట దాదాపు కనిపించదు. ఒక్కో కాపీకి బరువు బాగా పెరుగుతుంది. కానీ షుగర్ అవకాశం తగ్గుతుంది! నీల్ గారి లెక్కకి అడ్డం తిరిగింది.

మన కరువు పనిచేసింది తల్లి కడుపులో ఉన్నప్పుడు అనడానికి మాత్రం ఆధారం బలంగా ఉంది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల్ని, ఇంగ్లండ్ బిడ్డల్ని పోల్చారు. మనవాళ్లు 2.7 కిలోలు, వాళ్లు 3.5. మనవాళ్లలో కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లికి చాలని తిండి, అందులోనే పొలం పని, బిడ్డ కండ మానేసి కొవ్వు మిగుల్చుకుంది. ఆయనే 2004లో లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్‌తో పక్కపక్కన నిలబడి ఫొటో దిగి పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2.

మీ బీఎంఐ 23.5. తెల్లవాళ్ల లెక్కలో నిక్షేపంగా ఉన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియావాళ్లకి 23 దగ్గరే జాగ్రత్త పడాలన్నారు, మన దేశంలో డాక్టర్లు 25కే ఊబకాయం అంటారు. కాబట్టి మీరు లావు కాదన్నదీ నిజమే, షుగర్ వచ్చిందన్నదీ నిజమే.

ప్యాంటు సైజుని మాత్రం నమ్మకండి. వయసుతో బొజ్జ వస్తుంటే మగవాళ్లం ప్యాంటు కిందకి దించి కట్టుకుంటాం, 34 అలాగే ఉంటుంది. టైలర్ టేపు తీసుకుని, చొక్కా తీసి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా చుట్టి చూడండి. అద్దం ముందు నిలబడితే టేపు వెనకవైపు జారిందో లేదో తెలుస్తుంది. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80, అదీ మన గీత. దాటితే రెండు మూడు కిలోలు తగ్గినా షుగర్ మీద తేడా కనిపిస్తుంది. తగ్గించేటప్పుడు ఉన్న కండ పోకుండా నడకతోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం రోజూ పదిహేనుసార్లు చేయండి. మోకాళ్లు ఒప్పుకోకపోతే గోడకి రెండు చేతులూ పెట్టి తోయడం చేయండి.

ఆ కొలతా, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టూ రాసి పంపండి. అన్నం ఎంత తినొచ్చో అప్పుడు మాట్లాడుకుందాం.